పాండాస్ లేకున్నా మిగతా టెస్టులు ఆగకుండా

అనంతపురంలో ఇంటి నుంచి పని చేసే నా పాత లాప్‌టాప్‌లో పాండాస్ (పైథాన్‌లో డేటా పట్టికలతో పని చేసే లైబ్రరీ) వేసుకోలేదు. మా ప్రాజెక్టులో అది ఒక్క ఎక్సెల్ రిపోర్టుకే కావాలి. కానీ పైటెస్ట్ (పైథాన్ కోడ్ టెస్టులు నడిపే టూల్) నడిపితే ఆ ఒక్క ఫైల్ దగ్గర ఇంపోర్ట్ ఎర్రర్ వచ్చి, మిగతావి ఒక్కటీ నడవకుండానే ఆగిపోయేవి.

ఆ టెస్ట్ ఫైల్‌లో పాండాస్ ఇంపోర్ట్ లైన్ తీసేసి, దాని బదులు పైటెస్ట్‌లోని ఇంపోర్ట్‌ఆర్‌స్కిప్ (importorskip) ఫంక్షన్‌ను పిలవండి. బ్రాకెట్లో కొటేషన్ల మధ్య పాండాస్ పేరు, ఎడమ వైపు ఈక్వల్ టు పెట్టి పీడీ (పాండాస్‌కు వాడే పొట్టి పేరు): pd = pytest.importorskip("pandas"). అంతే, ఒక్క లైను. లైబ్రరీ ఉంటే టెస్టులు మామూలుగా నడుస్తాయి, లేకుంటే ఆ ఫైల్ మొత్తం స్కిప్ అవుతుంది. రెండు మూడు టెస్టులకే అవసరమైతే ఆ లైను ఆ ఫంక్షన్ల లోపలే పెట్టుకోండి.

మన సొంత మాడ్యూల్ కూడా పాండాస్‌ను ఇంపోర్ట్ చేస్తుంటే, ఆ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసే లైను కన్నా పైనే ఈ లైను ఉండాల. నాకు అరగంట పోయింది ఇక్కడే.

ఒక జాగ్రత్త: పేరులో అక్షరం తప్పినా ఇది ఎర్రర్ ఇవ్వదు, ఊరికే స్కిప్ చేస్తుంది, అంతా పాసైనట్టే కనిపిస్తుంది. పైటెస్ట్ పక్కన మైనస్ ఆర్ఎస్ (-rs) పెట్టి నడిపితే ఏది ఎందుకు స్కిప్ అయిందో చూపిస్తుంది. టెస్టులు నడిచే సర్వర్‌లో మాత్రం లైబ్రరీలన్నీ వేసే ఉంచండి.