పుస్తకం చదవలేకపోతున్నారా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కావలి స్టేషనులో వేరుశనక్కాయలు కొనుక్కుంటే, కాయలు అయిపోయాక ఆ పొట్లం కాగితాన్ని విప్పి, మడతలు సాఫు చేసి, సగంలో తెగిపోయిన కథనైనా చదివిన వాళ్లం మనం. అలాంటి వాళ్లమే ఉద్యోగం, పిల్లల చదువులు, పెద్దవాళ్ల వైద్యం మీద పడ్డాక ఏడాదికి ఒక్క పుస్తకమైనా పూర్తి చేయలేకపోతున్నాం. తీరిక లేకపోవడమే దీనికి కారణమని నేను చాలాకాలం నమ్మాను. అసలు కారణం మనిషి మనిషికీ వేరుగా ఉంటుందనీ, అది తెలుసుకోకుండా 'రేపటి నుంచి రోజూ గంట చదువుతాను' అని ఒట్టు పెట్టుకుంటే ఆ ఒట్టు వారం కూడా నిలవదనీ తరువాత అర్థమైంది. కాబట్టి ముందు మీలో కనిపించే లక్షణం ఏదో చూసుకోండి.

లక్షణం: నాలుగు పేజీలకే కళ్లు లాగుతాయి, తల బరువెక్కుతుంది

నలభై దాటినవారు ముందుగా అనుమానించవలసింది మనసును కాదు, కళ్లను. వయసుతో కంటిలోని కటకం గట్టిపడి, దగ్గరి వస్తువు మీద చూపు నిలిపే శక్తి తగ్గుతుంది. దీనినే మనం చత్వారం అంటాం. తెలుగు అచ్చులో ఈ ఇబ్బంది త్వరగా బయటపడుతుంది, ఎందుకంటే మన లిపిలో ద-ధలకూ, ప-ఫలకూ తేడా అడుగున వచ్చే చిన్న గీత మాత్రమే. పైగా ఒత్తులన్నీ వరుస కిందికి చిన్నగా ఒదిగి ఉంటాయి. ఆ గీతను కన్ను పట్టుకోలేనప్పుడు సందర్భాన్ని బట్టి మాటను ఊహించుకుంటూ పోతాం. ఆ శ్రమే అలసటగా మారుతుంది. దానికి మనం 'ఆసక్తి పోయింది' అని తప్పు పేరు పెట్టుకుంటాం.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. ఉదయం తొమ్మిది గంటల వేళ వరండాలో, పగటి వెలుతురులో కూర్చుని ఒక పేజీ చదవండి. అదే పుస్తకాన్ని రాత్రి ట్యూబులైటు కింద, మీ నీడ పేజీ మీద పడేలా కూర్చుని చదవండి. పగలు హాయిగా సాగి, రాత్రి తడబడితే లోపం చూపుదో వెలుతురుదో తప్ప మీ ఆసక్తిది కాదు. పుస్తకాన్ని తెలియకుండానే చేయి చాచినంత దూరానికి జరుపుతున్నారేమో కూడా గమనించండి. కంటి పరీక్ష చేయించుకుని అద్దాలు తీసుకోవడమే దీనికి సరైన మార్గం. బజారులో దొరికే రెడీమేడ్ అద్దాలలో రెండు వైపులా ఒకే పవరు ఉంటుంది. మన రెండు కళ్లకూ ఒకే పవరు అవసరం కావాలని లేదు. నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు తనకిక చదువు అబ్బదని నిశ్చయించుకుని ఆరేళ్లు పుస్తకం ముట్టలేదు. అద్దాలు పెట్టుకున్న నెలలోనే రెండు నవలలు చదివారు. ఆ ఆరేళ్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

లక్షణం: ఒకే పేరా మళ్లీ మళ్లీ చదివినా ఎక్కదు

చూపు బాగానే ఉండి ఈ ఇబ్బంది ఉంటే, కారణం చాలావరకు ఫోను. రోజంతా రెండు వాక్యాల సందేశాలు, నిమిషం లోపు వీడియోలు చూసిన కన్ను పేజీ మీద కూడా అదే వేగంతో దూకుతుంది. వాక్యం మొదలు చూసి చివరికి పరుగెత్తుతుంది. ఫోనును తిరగేసి పక్కన పెట్టుకుంటే సరిపోదు, వేరే గదిలో ఉంచాలి.

ఇంతకంటే బాగా పనిచేసిన ఉపాయం మన పెద్దల దగ్గరే ఉంది: మొదటి రెండు పేజీలను పైకి చదవడం. నెల్లూరులో ఉండి తిక్కన 13వ శతాబ్దంలో విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను తెనిగించాడు. వానలు పట్టకపోతే విరాటపర్వం చదివించే ఆచారం మన పల్లెల్లో ఉండేది; ఒకరు రాగయుక్తంగా చదువుతుంటే చదువురానివారు కూడా అరుగు మీద కూర్చుని వినేవారు. అంటే మనవాళ్లకు చదవడమంటే కంటి పని మాత్రమే కాదు, నోటి పని, చెవి పని కూడా. పైకి చదివేటప్పుడు కన్ను నోటిని దాటిపోలేదు, మాటను మింగేసి ముందుకు దూకడం కుదరదు. రెండు పేజీలు అలా నడిచాక గొంతు ఆపి మౌనంగా కొనసాగించండి. వేగం దానంతటదే కుదురుకుంటుంది. ఇంట్లో అమ్మో నాన్నో ఉంటే వారికే చదివి వినిపించండి. చూపు మందగించిన పెద్దవాళ్లకు అంతకంటే కావలసిందేముంది?

లక్షణం: పుస్తకం పట్టగానే నిద్ర వస్తుంది

పనులన్నీ ముగించి, రాత్రి పదకొండుకు, పడుకుని చదివితే ఎవరికైనా నిద్రే వస్తుంది. తెల్లవారి కాఫీ తాగేటప్పుడు పది నిమిషాలు చదవండి.

లక్షణం: కొన్న పుస్తకాలు కొన్నట్టే ఉన్నాయి

మనకు నచ్చినవి కాక, చదివి తీరాలని నలుగురూ చెప్పినవి కొనడం వల్ల ఇలా జరుగుతుంది. మొదలుపెట్టినది వదిలేయకూడదన్న పట్టుదల కూడా దీనికి తోడవుతుంది, దానితో నచ్చని ఒక్క పుస్తకం తరువాతి పదింటికి అడ్డుపడుతుంది. యాభై పేజీలు చదివినా మనసు పట్టకపోతే నిస్సంకోచంగా పక్కన పెట్టండి. పదిహేనేళ్ల వయసులో మీరు అన్నం చల్లారిపోతున్నా లేవకుండా చదివినది డిటెక్టివ్ నవల అయితే, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

కొనడం కూడా కొంతకాలం ఆపి గ్రంథాలయానికి వెళ్లమని నా సలహా. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. ఒంగోలులోనూ నెల్లూరులోనూ జిల్లా కేంద్ర గ్రంథాలయాలు, చిన్న పట్టణాల్లో శాఖా గ్రంథాలయాలు ఆ డబ్బుతో నడిచేవే. అరువు తెచ్చిన పుస్తకం మీద తిరిగి ఇవ్వవలసిన తేదీ ముద్ర ఉంటుంది. సొంత బీరువాలోని పుస్తకం ఎన్నాళ్లైనా ఎదురుచూస్తుంది, ఆ ముద్ర ఉన్న పుస్తకం ఎదురుచూడదు.

లక్షణం: నిజంగానే తీరిక లేదు

పైవేవీ కాకపోతే, గంట కోసం వెతకడం మాని, రోజూ తప్పనిసరిగా ఎదురుచూసే సమయం ఎక్కడుందో చూడండి. బ్యాంకు వరుస, ట్యూషను బయట పిల్లల కోసం నిలబడే ఇరవై నిమిషాలు, బస్సు ప్రయాణం. సంచిలో ఎప్పుడూ ఒక పల్చటి కథల పుస్తకం ఉండాలి. కథ అయితే ఒక విడతలో పూర్తవుతుంది, నిన్న ఎక్కడ ఆపామో వెతుక్కునే పని ఉండదు.

నాకు దొరికినది కావలి నుంచి నెల్లూరుకు రోజూ చేసే రైలు ప్రయాణం, సుమారు 50 కిలోమీటర్లు. బిట్రగుంట దాకా చోటు కోసం సర్దుకోవడమే సరిపోతుంది, అక్కడి నుంచి చదవడం కుదురుతుంది. పడుగుపాడు దాటి రైలు పెన్న వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు వినగానే పేజీలో టిక్కెట్టు పెట్టి పుస్తకం మూస్తాను. మొన్న సోమవారం ఆ చప్పుడు నాకు వినపడనే లేదు. ఎదుటి సీటులోని పెద్దాయన నా మోకాలు తట్టి, "నెల్లూరొచ్చింది నాయనా" అంటే తల ఎత్తాను.