ఎన్నికల విధుల్లో ఉన్నవారికి పోస్టల్ బ్యాలెట్: చిక్కంతా ఫారం 13ఏ దగ్గరే

ఎన్నికల విధి ఉత్తర్వు చేతికి రాగానే పోస్టల్ బ్యాలెట్ కోరే దరఖాస్తు, ఫారం 12 నింపండి. మీకు ఓటున్న నియోజకవర్గపు రిటర్నింగ్ అధికారికి అది పోలింగుకు కనీసం 7 రోజుల ముందు అందాలి. ఓటర్ల జాబితాలో భాగం సంఖ్య, వరుస సంఖ్య చూసి రాయండి. ఉత్తర్వు నకలు, ఓటరు కార్డు నకలు జతచేయండి. రుసుము ఏమీ లేదు. ‘నేను చూసుకుంటాను’ అంటూ వచ్చేవారి చేతికి కాగితాలు ఇవ్వకండి.

ఎన్నికల నిబంధనలకు 2023లో చేసిన సవరణ తర్వాత బ్యాలెట్‌ను ఇంటికి తీసుకెళ్లే పద్ధతి పోయింది. విధుల్లో ఉన్నవారి ఓటు కోసం పెట్టే ఫెసిలిటేషన్ కేంద్రంలోనే ఓటు వేయాలి.

ఓట్లు పోయేది ఇక్కడే. బ్యాలెట్‌తో పాటు ఫారం 13ఏ (ఆ బ్యాలెట్ మీకిచ్చిందేనని మీరు సంతకం చేసే ధ్రువపత్రం), రెండు కవర్లు ఇస్తారు. ‘ఏ’ అని ఉన్న చిన్న కవరులో బ్యాలెట్ ఒక్కటే పెట్టి అంటించాలి. ఆ కవరునూ 13ఏనూ ‘బి’ అని ఉన్న పెద్ద కవరులో పెట్టాలి. మొన్నటి ఎన్నికల్లో నా ముందున్న ఉపాధ్యాయురాలు 13ఏను కూడా చిన్న కవరులోకే మడిచి పెట్టారు. జిగురు ఆరకముందే చూశాం కాబట్టి సరిపోయింది. లెక్కింపు రోజు ముందుగా పెద్ద కవరు తెరిచి 13ఏ కోసం చూస్తారు. అది లేకపోయినా, మీ సంతకమో ధ్రువీకరించే అధికారి సంతకమో లేకపోయినా, అందులోని బ్యాలెట్ క్రమసంఖ్య చిన్న కవరు మీది సంఖ్యతో కలవకపోయినా, చిన్న కవరు తెరవకుండానే తిరస్కరిస్తారు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవారి ఓటైనా అంతే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ ధ్రువీకరణ సంతకం, ముద్ర మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

13ఏ మీద పేరుంది, ఎవరికి వేశామో తెలిసిపోతుందేమోనని చాలామంది జంకుతారు. భయం అక్కర్లేదు. 13ఏలను పరిశీలించి విడిగా పక్కన పెట్టేశాకే చిన్న కవర్లు తెరుస్తారు. బ్యాలెట్ మీద మాత్రం సంతకం, పేరు, మిమ్మల్ని గుర్తుపట్టే గీత ఏదీ ఉండకూడదు. వేసిన ఓటు ఫొటో పంపమని ఎవరు అడిగినా ఒప్పుకోకండి.

పెట్టెలో వేసే ముందు, పెద్ద కవరు అంటించకముందే, 13ఏను ఒకసారి తిరగేసి చూడండి. అధికారి సంతకం పడలేదని గమనిస్తే, వెనుక ఎంత వరుస ఉన్నా ఆగి అడిగి పెట్టించుకోండి.