రికార్డ్ ప్లేయర్‌కి అదురు తగలకుండా చేయడం ఎలా?

ముందు స్పీకర్లను ప్లేయర్ ఉన్న బల్ల మీంచి దించండి. అది చేయకపోతే కింద చెప్పేదంతా దండగ. కొందరు ప్లేయర్ కింద స్పైకులు, అంటే మొనదేలిన లోహపు కాళ్లు, బిగిస్తారు. స్పైకు అదురును ఆపదు, బల్లలోంచి నేరుగా పైకి ఎక్కిస్తుంది. హవాయి చెప్పు ముక్కలు పెట్టినవాళ్లనూ చూశాను. వాటి గురించి మాట్లాడను.

కావలసినవి: 20 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న కడప బండ, పిల్లల 12 అంగుళాల సైకిల్ ట్యూబు, పంపు, రసమట్టం. బండ పది కిలోలు దాటుతుంది, దాటాలి కూడా. చెక్క వద్దు.

మీ ప్లేయర్ లోపల స్ప్రింగుల మీద వేలాడే రకమైతే ఇక్కడే ఆగండి. 1961లో ఎడ్గర్ విల్చర్ తన ఏఆర్ (అకౌస్టిక్ రీసెర్చ్) కంపెనీ నుంచి తెచ్చిన రికార్డ్ ప్లేయర్ అలాంటిదే. పాట నడుస్తుండగా దాని పీఠాన్ని సుత్తితో కొట్టి చూపించేవారు, ముల్లు ఎగిరేది కాదు. అలాంటిదాని కింద మళ్లీ ట్యూబు పెడితే రెండు ఊగుళ్లూ కలిసి గొడవ చేస్తాయి.

బల్ల మీద ట్యూబు, దాని మీద బండ, బండ మీద ప్లేయర్. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. చెడేది గాలి దగ్గరే.

అందరూ టైరుకు కొట్టినట్టు టైట్‌గా కొడతారు. ముల్లు మోసే చేతికి సొంత ఊగుడు ఒకటి ఉంటుంది, సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు. బిగిసిన ట్యూబు ఆ దగ్గర్లోనే ఊగితే అదురు తగ్గకపోగా పెరుగుతుంది. ప్లేయర్ ఆపి, చేతిని లాక్ చేసి, బండ నడుమ నొక్కి వదలండి. ఊగుళ్లు కంటితో లెక్కపెట్టేంత నెమ్మదిగా, సెకనుకు మూడో నాలుగో ఉండాలి. లెక్క అందకపోతే గాలి వదలండి, కొంచెం కొంచెంగా. మరీ తీసేస్తే బండ వాల్వ్ మీద కూర్చుంటుంది, అప్పుడు ట్యూబు ఉన్నా లేనట్టే. బండ కిందకి మడత కాగితం దూర్చి చూడండి, ఎక్కడా తగలకుండా జారాలి.

ఒకవైపు వాలితే అట్టముక్కలు దోపకండి. రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చేదాకా ప్లేయర్‌నే బండ మీద అటూ ఇటూ జరపండి.

ఇక పరీక్ష. తిరగని రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ మెల్లగా పెంచుతూ బల్లను వేలితో తట్టండి. ఒక్కసారిగా పెంచితే స్పీకర్లో ఊళ మొదలై, లోతు శబ్దాలు పలికే వూఫర్ పోతుంది. తట్టుడు స్పీకర్లో దాదాపు వినపడకపోతే గాలి సరిపోయినట్టే. ట్యూబు రోజూ కాస్త గాలి వదులుతుంది కాబట్టి రసమట్టం బండ మీదే ఉంచేయండి, రెండు వారాలకోసారి బుడగ చూడండి.