కృత్రిమ మేధతో కలిసి బొమ్మ వేయడం: ముందు మీ గీత, తరువాతే దాని పని

కృత్రిమ మేధతో బొమ్మలు వేయాలనుకునేవారిలో చాలామంది నాలుగు మాటలు టైపు చేసి, వచ్చినవాటిలో నచ్చినదాన్ని ఏరుకుంటారు. అది ఏరుకోవడమే గాని చిత్రరచన కాదని నా అభిప్రాయం. మీరు గీసిన స్కెచ్‌ను దానికి అందించినప్పుడే కలిసి పనిచేయడం మొదలవుతుంది.

కాగితం మీద పెన్సిలుతో కూర్పు మాత్రం తెలిసేలా గీసి, ఫొటో తీసి, బొమ్మలు పుట్టించే స్టేబుల్ డిఫ్యూజన్ వంటి మోడల్‌లోని ఇమేజ్-టు-ఇమేజ్ (ఇచ్చిన బొమ్మ నుంచి కొత్త బొమ్మను తయారుచేసే) విభాగంలోకి ఎక్కించండి. 2022 ఆగస్టులో అందరికీ విడుదలైన ఈ మోడల్, తగిన గ్రాఫిక్స్ కార్డు ఉంటే సొంత కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఇది మీ స్కెచ్‌కు నాయిస్ (చుక్కచుక్కలుగా ఉండే యాదృచ్ఛిక గజిబిజి) కలిపి, దానిని అంచెలంచెలుగా తొలగిస్తూ కొత్త బొమ్మను తేలుస్తుంది. ఎంత నాయిస్ కలపాలన్నది డీనాయిజింగ్ స్ట్రెంత్ అనే అంకె నిర్ణయిస్తుంది. అది 0 దగ్గర ఉంటే మీ గీత దాదాపు ఉన్నదున్నట్టే మిగులుతుంది, 1 దగ్గరకు చేరితే ఆనవాలు కూడా దొరకదు. 0.5తో మొదలుపెట్టి, మీ కూర్పు చెదురుతుంటే తగ్గిస్తూ రండి.

ప్రాంప్టులో, అంటే మీరు రాసిచ్చే వర్ణనలో, 'అద్భుతమైన' వంటి పొగడ్తలు అంతగా పనికిరావు. కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న ముసలామె బొమ్మ కావాలంటే, వెలుగు ఎడమవైపు నుంచి పడుతోందని, ముఖంలో సగం నీడలో ఉందని, గోడ మాసిన సున్నం రంగులో ఉందని కంటికి కనిపించేవే రాయండి. సీడ్ సంఖ్యను (మొదటి నాయిస్ ఎలా ఉండాలో నిర్ణయించే అంకెను) మార్చకుండా ఒక్కసారికి ఒక్క మాటనే మార్చండి, లేకపోతే వచ్చిన తేడా మీ మాట వల్లనో, కేవలం యాదృచ్ఛికమో తెలుసుకునే దారి ఉండదు.

ముసలామె ముఖం బాగా కుదిరినా, సూది పట్టిన వేళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి రావచ్చు. అప్పుడు బొమ్మ మొత్తాన్ని మళ్లీ పుట్టించకండి. ఏదైనా చిత్రకళా సాఫ్ట్‌వేర్‌లో ఆ చేతిని మీరే సరిచేసి గీసి, ఇన్‌పెయింటింగ్‌లో (బొమ్మలో ఎంచిన భాగాన్ని మాత్రమే మళ్లీ పుట్టించే పద్ధతిలో) అంతవరకే మాస్కు వేసి, అంటే ఆ భాగాన్ని గుర్తించి, స్ట్రెంత్‌ను 0.3 దగ్గర ఉంచి నడిపితే, మీరు గీసిన వేళ్ల పొందిక చెడకుండానే ఆ చేయి చుట్టూ ఉన్న రంగులతో కలిసిపోతుంది. నిజానికి ఎక్కువ సమయం పట్టేదీ, పనిలో రుచి తెలిసేదీ ఇక్కడే.

స్కెచ్‌లనూ, మధ్య దశల ఫైళ్లనూ, లేయర్లనూ (బొమ్మలోని విడివిడి పొరలనూ) పారేయకండి. 2023లో అమెరికా కాపీరైట్ కార్యాలయం ఒక కామిక్ పుస్తకం విషయంలో రచయిత్రి రాసిన పాఠ్యానికీ, పాఠ్యాన్నీ బొమ్మలనూ ఆమె ఎంచి అమర్చిన తీరుకూ రక్షణ ఇచ్చి, యంత్రం పుట్టించిన బొమ్మలకు ఇవ్వలేదు. మీ చేయి ఎక్కడ పడిందో చూపవలసివస్తే ఆ ఫైళ్లే ఆధారం.