రక్తనాళపు లోపొరను అంచనా వేయడం – 4వ పాఠం: కఫ్ ఎక్కడ కట్టాలి?

చేతికి బీపీ కఫ్ బిగించి వదిలాక ధమని ఎంత శాతం వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌తో కొలిచి, దాని లోపొర ఎంత బాగుందో అంచనా వేస్తాం. పోయిన పాఠం చదివి ఇది చేసి చూసినవారిలో చాలామందికి ఈ ధమని వ్యాకోచం 14, 15 శాతం దాకా వచ్చింది. సంతోషించకండి. కఫ్‌ను జబ్బకు కట్టడం వల్ల వచ్చిన అంకెలవి. "చేతికి కట్టండి" అని పొడిగా రాసి వదిలేశాను కాబట్టి ఈసారి దీని సంగతే చూద్దాం.

కఫ్ మోచేతికి కింద, ముంజేతికి. అల్ట్రాసౌండ్ ప్రోబ్ మోచేతికి పైన, జబ్బలోని పెద్ద ధమని అయిన బ్రేకియల్ ధమని మీద. ముంజేతిని 5 నిమిషాలు బిగిస్తే అక్కడి కండరాలకు రక్తం అందక చిన్న నాళాలన్నీ తెరుచుకుంటాయి. కఫ్ వదలగానే రక్తం వాటివైపు ఉరుకుతూ పైనున్న ధమని గోడను ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి లోపొరలోని ఎండోథీలియం కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి. కండరపు పొర సడలి ధమని వెడల్పవుతుంది. మనకు కావలసింది ఈ స్పందన ఒక్కటే. పొగతాగేవారిలో, మధుమేహం ఉన్నవారిలో ముందుగా తగ్గేదీ ఇదే. కఫ్ జబ్బకు కడితే మనం స్కాన్ చేసే ముక్కకే రక్తం సరిగా అందదు. అప్పుడు నైట్రిక్ ఆక్సైడ్‌తో పనిలేని వ్యాకోచం కూడా లెక్కలో కలిసిపోతుంది. పాడైన లోపొర బాగున్నట్టు కనిపించేది అందుకే.

కఫ్ ఒత్తిడి సిస్టోలిక్ బీపీకి 50 కలిపి పెట్టండి: 120 ఉంటే 170, 150 ఉంటే 200. వదలడానికి 30 సెకన్ల ముందు రికార్డింగ్ మొదలుపెట్టి, వదిలాక 3 నిమిషాల దాకా ఆపకండి. 60వ సెకను దగ్గర ఒక్క ఫ్రేమ్ తీసి ముగించే అలవాటు మానాలి, కొందరిలో ధమని గరిష్ఠ వ్యాసం (అడ్డంగా వెడల్పు) ఆలస్యంగా వస్తుంది.

లెక్క తెలిసిందే. 4.00 మి.మీ. 4.28 అయితే 7 శాతం. అయితే పెరిగింది అదే 0.3 మి.మీ. అయినా, 3.2 మి.మీ. ధమనిలో అది 9.4 శాతం, 5.0 మి.మీ. ధమనిలో 6 శాతమే. శాతం పక్కన ధమని మొదటి వ్యాసం (కఫ్ బిగించకముందు ఉన్నది) రాయని నివేదికను నేను పక్కన పెట్టేస్తాను. 4 మి.మీ. ధమనిలో కొలిచే గీత 0.1 మి.మీ. జరిగితే 2.5 శాతం తేడా వస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమని వెడల్పు కాస్త మారుతుంది కూడా. అందుకే ప్రతి ఫ్రేమ్‌నూ ఒకే క్షణంలో, ఈసీజీలో ఆర్ తరంగం (ఎత్తయిన మొన) దగ్గరే ఎంచుకోండి.

అభ్యాసం: ఒకే వ్యక్తికి మూడు రోజులు, ఉదయం ఒకే వేళకు, కాఫీ, టీ, సిగరెట్ లేకుండా పరగడుపున కొలవండి. పేరు, తేదీ కనబడకుండా దాచి, అవే వీడియోలను వారం తర్వాత మళ్లీ కొలవండి. రెండు కొలతల్లో మొదటి వ్యాసం 0.05 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే 5వ పాఠానికి రాకండి, మళ్లీ మొదలుపెట్టండి.