15 ఆంప్స్ ప్లగ్ మీద ట్రైలర్ ఏసీ

ట్రావెల్ ట్రైలర్‌ని (బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు) అమెరికాలో ఇంటి దగ్గరి 15 ఆంప్స్, 120 వోల్టుల ప్లగ్‌కి తగిలిస్తే, కంప్రెసర్ అందుకోగానే బ్రేకర్ పడిపోతోందా? 13,500 బీటీయూ ఏసీ ఒక్కటే సుమారు 13 ఆంప్స్ లాగుతుంది, ఇంక దేనికీ చోటుండదు. ఫ్రిజ్, వాటర్ హీటర్ గ్యాస్‌కి మార్చండి. చాలామంది మర్చిపోయేది బ్యాటరీ: చార్జ్ తక్కువుంటే దాన్ని చార్జ్ చేసే కన్వర్టర్ కూడా కొన్ని ఆంప్స్ తినేస్తుంది, అందుకే ముందు రాత్రే నిండా ఎక్కించి పెట్టుకోండి. ఎండ ముదరకముందే రెండు నిమిషాలు ఫ్యాన్ ఒక్కటే తిప్పి, తర్వాత కూలింగ్ పెట్టండి. బ్రేకర్ పడితే 5 నిమిషాలు ఆగాకే మళ్లీ వేయండి.

సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో మాత్రం ఇది కుదరదు, 10 గేజ్ మందమున్న పొట్టి వైరు వాడండి. ప్లగ్ చేతికి వేడిగా తగిలినా, వోల్టేజ్ 105 కిందికి దిగినా ఏసీ వెంటనే ఆపేయండి.