జూజిట్సులో పట్టు దొరికాక కూడా ట్యాప్ (అవతలివాడు ఓటమి ఒప్పుకుంటూ తట్టడం) ఎందుకు రావట్లేదు?

ఆర్మ్‌బార్ (చెయ్యిని కాళ్ల మధ్య ఇరికించి మోచెయ్యి వెనక్కి వంచే పట్టు) పడింది, చెయ్యి మీ గుప్పిట్లోనే ఉంది, మీరు నడుము ఎత్తి తెగ గింజుకుంటున్నారు, అవతలివాడేమో మోచెయ్యి లాక్కుని తాపీగా లేచి కూర్చున్నాడు. నాకూ చాలా రోజులు ఇదే వరస. బలం చాలట్లేదనుకుని డంబెల్స్ ఎత్తాను, దండగ.

మా భీమవరం పక్క చేలల్లో గడ్డి మోపు కట్టేవాళ్లని చూడండి. తాడు చుట్టగానే ముడి వెయ్యరు. మోపు మీద మోకాలు అదిమి, తాడు బిగలాగి, వదులంతా పోయాకే ముడి. మనం వదులుండగానే ముడి బిగించేస్తున్నాం, అదీ తేడా.

ఆర్మ్‌బార్‌లో ముందు మీ పిరుదులు అతని భుజానికి ఆనేదాకా జరగండి, మోకాళ్లు దగ్గరికి నొక్కండి, మడమలు కిందికి లాగండి. మణికట్టు ఒక్కటే పట్టుకున్నారా, మన ఎండాకాలం ఉక్కకి, అందులోనూ గి (సాధనలో వేసుకునే మందపాటి కోటు) లేకపోతే, కొరమేను జారినట్టు జారిపోతుంది. అందుకే మీ మోచేతి మడతలో ఇరికించి గుండెకి హత్తుకోండి. అతని బొటనవేలు పైకి ఉండేలా తిప్పి, అప్పుడు నడుము మెల్లగా లేపండి. ఇంత చేశాక బలంతో పెద్దగా పనుండదు.

వెనక నుంచి చోక్ వేసేటప్పుడు మీ మోచెయ్యి సరిగ్గా గడ్డం కిందికి రావాలి, మెడకి రెండు పక్కలా రక్తనాళాలు నొక్కుకోవాలి. గొంతు గొట్టం మీద పడితే నొప్పి, దగ్గు తప్ప పట్టు పండదు. రెండో చెయ్యి తల వెనక్కి పెట్టి, మోచేతులు దగ్గరికి తెచ్చి, ఛాతీ ముందుకు తొయ్యండి. చేతులతోనే పిండితే అరనిమిషంలో మీ చేతులే చచ్చుబడతాయి.

ట్రయాంగిల్‌కి (కాళ్లతో మెడనీ ఒక చేతినీ కలిపి బిగించే పట్టు) ఒక్కటే మాట: ఎదురుగా ఉండి పిండొద్దు, అతని చెవి మీకు కనపడేదాకా పక్కకి తిరగండి.

కిముర (చెయ్యి మడిచి వెనక్కి మెలితిప్పి భుజం బిగించే పట్టు) మాత్రం జాగ్రత్త. 1951లో బ్రెజిల్‌లోని రియోలో జపాన్ జూడో యోధుడు మసాహికో కిముర ఈ పట్టుతోనే బ్రెజిల్ జూజిట్సు గురువు హీలియో గ్రేసీ చెయ్యి విరిచాడు, హీలియో ట్యాప్ చెయ్యలేదు మరి. అతని మణికట్టుని మీ ఛాతీకి దగ్గరగా ఉంచుకుని, చేతులతో కాకుండా ఒళ్లంతా తిప్పండి, కుదుపు లేకుండా. మీ పార్ట్‌నర్ రేపు తెల్లారే రొయ్యల చెరువులో మేత వెయ్యాలి కదా!

సాధన ఎలాగంటే, రోల్ (ఇద్దరూ కలబడే సాధన) మొదట్నుంచీ కాదు, పట్టు సగం పడ్డ చోట నుంచే మొదలుపెట్టండి. పార్ట్‌నర్‌ని సగం బలంతో తప్పించుకోమనండి. తప్పించుకున్నాడంటే ఏ సందులోంచి పోయాడో అతన్నే అడగండి, మీకంటే అతనికే బాగా తెలుస్తుంది. ఇంకోటి, ఫ్యాన్ల మోతలో నోటిమాట వినపడదు, కాబట్టి మీ ఒంటి మీద ఎక్కడ తట్టినా ట్యాప్ కిందే లెక్కేసి వెంటనే వదిలెయ్యండి.